సెలవు దాటిన జవానును ‘డెజర్టర్’ అంటున్నారా? కుటుంబం ఏం చేయాలి, యూనిట్ ఏం చేయాలి

తిరుమలగిరి, యాప్రాల్, సైనిక్‌పురి కుటుంబాలే కాదు, జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లూ ఇదే అడుగుతున్నారు. “మా అబ్బాయి సెలవు మీద వచ్చాడు, తిరిగి వెళ్లలేదు. పోలీసులు కాగితం పట్టుకుని ఇంటికి వచ్చారు. డెజర్టర్ అంటున్నారు. జైల్లో పెడతారా? ఉద్యోగం పోతుందా? ముందు లాయర్ని పట్టుకోవాలా?”

ముందు అబ్బాయిని వెనక్కి పంపండి. ఊరికే కాదు, కాగితాలతో పంపండి. కాగితాలు లేకుండా వెళ్లినవాడికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాగితాలన్నీ ఉన్నా వెళ్లకుండా కూర్చుంటే అవి రోజురోజుకీ బలం కోల్పోతాయి. ఈ రెండూ ఎలా చేయాలో కింద వరసగా రాశాను. ఏ దశలో యూనిట్ ఏం చేయాలో కూడా చెప్పాను. అది తెలియకపోతే మీ వాడికి న్యాయంగా జరుగుతోందో లేదో మీకు అర్థం కాదు.

చట్టం గురించి తెలియాల్సినంత

1950 ఆర్మీ యాక్ట్‌లో రెండు వేర్వేరు నేరాలున్నాయి. సెక్షన్ 39: అనుమతి లేకుండా గైర్హాజరు కావడం, సరైన కారణం లేకుండా సెలవు దాటి ఉండిపోవడం. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. సెక్షన్ 38: డెజర్షన్, అంటే సైన్యం వదిలి పారిపోవడం. గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. యాక్టివ్ సర్వీస్‌లో (శత్రువు మీద చర్యల్లాంటి డ్యూటీలో) ఉండగా గానీ, దానికి వెళ్లమని ఆర్డర్ వచ్చాక గానీ పారిపోతే మరణశిక్ష దాకా వేయవచ్చు.

ఈ రెండింటికీ తేడా రోజుల లెక్కలో లేదు, ఉద్దేశంలో ఉంది. ఇక తిరిగి వెళ్లకూడదని గానీ, ఫలానా ముఖ్యమైన డ్యూటీ తప్పించుకోవాలని గానీ అనుకుని వెళ్లిపోతేనే డెజర్షన్. 1986లో సుప్రీంకోర్టు కూడా ఈ ఉద్దేశం ఉండి తీరాలని చెప్పింది. మీరు దాచే ప్రతి కాగితం, రాసే ప్రతి ఉత్తరం “వీడికి తిరిగి వెళ్లే ఉద్దేశం ఉంది” అని చూపించాలి. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరి 30 రోజులు దాటితే డెజర్టర్ అంటారు కదా అని అడుగుతారు. 30 రోజులు గైర్హాజరైతే సెక్షన్ 106 ప్రకారం యూనిట్ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెట్టాలి. జవాను ఎప్పటి నుంచి లేడు, అతనికి ఇచ్చిన ఆయుధం, యూనిఫాం, సామాను లెక్క సరిపోయిందా అని ప్రమాణం మీద విచారించి రికార్డు చేస్తారు. ఆ తర్వాత కూడా అతను వచ్చి లొంగిపోకుండా, పట్టుబడకుండా ఉంటేనే చట్టం దృష్టిలో డెజర్టర్‌గా లెక్క. 45వ రోజునో, 70వ రోజునో తనంతట తాను వచ్చినవాడి మీద డెజర్షన్ ఆరోపణ మోపితే, ఉద్దేశాన్ని విడిగా రుజువు చేయాల్సిందే.

దగ్గర ఉంచుకోవలసినవి

- లీవ్ సర్టిఫికెట్, ఐడీ కార్డు, ఆర్మీ నంబరు, ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) నంబరుతో సహా యూనిట్ చిరునామా.
- వచ్చేటప్పటి టికెట్. తిరుగు టికెట్ ముందే బుక్ చేసి ఉంటే అది బంగారం. క్యాన్సిల్ అయినా సరే, దాని ప్రింట్ తీయండి.
- ఆస్పత్రి కాగితాలు: ఓపీ చీటీ, అడ్మిషన్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు.
- యూనిట్‌కు చేసిన కాల్స్ లిస్టు, వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, స్పీడ్ పోస్ట్ రసీదులు.
- యూనిట్ నుంచి వచ్చిన ఉత్తరాలు, కవర్లతో సహా. పోస్టల్ ముద్ర మీద తేదీ ఉంటుంది కాబట్టి కవరు పారేయకండి.
- జీతం ఏ నెల నుంచి ఆగిందో చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్.

అన్నిటికీ రెండు జిరాక్స్ సెట్లు తీయండి. ఒకటి అతనితో వెళ్లాలి, ఒకటి ఇంట్లో ఉండాలి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. అడిగితే చూపించి, జిరాక్స్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

1. సెలవు ఇంకా అయిపోకముందే ఇబ్బంది వస్తే

ఎక్స్‌టెన్షన్ కోసం సెలవు ముగియకముందే రాతపూర్వకంగా అడగాలి. ఫోన్‌లో “సాబ్‌తో మాట్లాడాను, సరే అన్నారు” అన్న మాట రికార్డులో నిలవదు. ఫోన్ చేయండి, ఆ వెంటనే అదే విషయం మెసేజ్‌గా, స్పీడ్ పోస్ట్‌గా పంపండి. జవాబు రాకపోతే ఎక్స్‌టెన్షన్ రానట్టే. వద్దన్నారంటే బయలుదేరాల్సిందే.

జబ్బు చేస్తే తిరుమలగిరిలోని మిలిటరీ హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. ఇంటి దగ్గర చిన్న క్లినిక్‌లో రాయించుకున్న చీటీ కన్నా అక్కడ నమోదయ్యే ఒక్క ఎంట్రీ ఎక్కువ పని చేస్తుంది. కదిలించలేని పరిస్థితి అయితే గాంధీ, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆస్పత్రిలో చేర్పించి, అదే రోజు యూనిట్‌కు కబురు పంపండి. కాస్త కోలుకోగానే మిలిటరీ హాస్పిటల్‌లో చూపించండి.

జాగ్రత్త: పాత తేదీతో సర్టిఫికెట్ రాసిచ్చే డాక్టర్లు దొరుకుతారు. తీసుకోకండి. యూనిట్ ఆ ఆస్పత్రికి ఉత్తరం రాసి సరిచూస్తే గైర్హాజరు కేసుకు దొంగ కాగితం కేసు తోడవుతుంది. అతను చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

తండ్రికి ఆపరేషన్, భూమి తగాదా, భార్యాభర్తల గొడవ లాంటివైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడి నుంచి యూనిట్‌కు ఉత్తరం రాయించవచ్చు. ఆ ఉత్తరంతోనే సెలవు పొడిగినట్టు కాదు. కారణం నిజమని చెప్పడానికి మాత్రం సాక్ష్యంగా పనికొస్తుంది.

2. సెలవు దాటింది, 30 రోజులు కాలేదు

ఇవాళే పంపండి. వీలు కాకపోతే యూనిట్‌కు ఈ నాలుగు విషయాలతో ఉత్తరం రాయండి, హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ:

- పేరు, నంబరు, ర్యాంకు, ఏ తేదీ దాకా సెలవు.
- ఎందుకు రాలేకపోయాడు. దానికి జత చేసిన కాగితాలు ఏవి.
- ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు. పూర్తి చిరునామా, ఫోన్ నంబరు.
- ఏ తేదీన, ఏ రైల్లో వస్తున్నాడు.

చివరి రెండూ ముఖ్యం. పారిపోవాలనుకున్నవాడు చిరునామా ఇవ్వడు, రైలు నంబరు రాయడు. రాసిన తేదీకి బయలుదేరకపోతే మాత్రం ఆ ఉత్తరమే ఎదురు తిరుగుతుంది. కచ్చితంగా వెళ్లగలిగిన తేదీనే వేయండి.

ఫోన్‌లో ఎవరితో మాట్లాడాలి? కంపెనీ క్లర్కు, సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), తర్వాత అడ్జుటెంట్ (యూనిట్ పరిపాలన చూసే అధికారి). తోటి జవానుతో మాట్లాడితే కబుర్లు తెలుస్తాయి తప్ప రికార్డులోకి ఏదీ ఎక్కదు.

3. పోలీసులు ఇంటికి వస్తే

జవాను రాకపోతే యూనిట్ అతని సొంత జిల్లా పోలీసులకు అప్రెహెన్షన్ రోల్ (పట్టుకుని అప్పగించమని కోరే కాగితం) పంపుతుంది. 30 రోజుల దాకా ఆగకుండా ముందే రావచ్చు. సెక్షన్ 105 ప్రకారం పోలీసులు వారంట్ లేకుండానే అతన్ని అరెస్టు చేయవచ్చు. ఆలస్యం చేయకుండా దగ్గరి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

ఇక్కడే తల్లిదండ్రులు పెద్ద పొరపాటు చేస్తారు. అబ్బాయి లోపలి గదిలో ఉండగానే “ఇంట్లో లేడండీ” అంటారు, లేకపోతే రాత్రికి రాత్రి మేనమామ ఊరికి పంపేస్తారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 164 ప్రకారం, డెజర్టర్ అని తెలిసి ఆశ్రయం ఇస్తే 2 ఏళ్ల దాకా జైలు. ఇందులో మినహాయింపు భార్యకో భర్తకో మాత్రమే ఉంది. అమ్మకు లేదు, నాన్నకు లేదు, అన్నకు, బావకు లేదు. ప్రేమతో చేసే పనే మీ మీద కేసుగా మారుతుంది.

అబద్ధం చెప్పకండి. వచ్చినవాళ్ల స్టేషన్, పేరు, వచ్చిన సమయం రాసుకోండి. ఆ కాగితం చదవనివ్వమని అడగండి, తేదీ చూడండి. అతను తనే వెళ్లడానికి సిద్ధంగా ఉంటే ఆ మాట చెప్పి, టికెట్ చూపించండి.

4. అసలు ఎక్కడున్నాడో తెలియకపోతే

ఇది వేరే దారి, ఎక్కువ మంది తప్పిపోయేదీ ఇక్కడే. యూనిట్ నుంచి బయలుదేరినవాడు ఇల్లు చేరలేదు. లేదా ఇంటి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కినవాడు యూనిట్ చేరలేదు. యూనిట్ రికార్డులో అతను గైర్హాజరు. ఇంట్లోవాళ్లేమో యూనిట్‌లోనే ఉన్నాడనుకుంటారు. అలా నెలలు గడుస్తాయి.

ఆ సమాచారం తెలిసిన రోజే మిస్సింగ్ కేసు పెట్టండి, మీ స్టేషన్‌లో గానీ, రైలు ప్రయాణం అయితే రైల్వే పోలీసుల దగ్గర గానీ. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) నమోదు చేయమని అడగండి. ఆ కాపీని యూనిట్‌కు, అతని రికార్డ్స్ ఆఫీసుకు స్పీడ్ పోస్ట్ చేయండి. ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్), ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) రికార్డ్స్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. మిగతా రెజిమెంట్లవి వేరే ఊళ్లలో ఉంటాయి, చిరునామా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి.

ఎఫ్ఐఆర్ లేకపోతే అతను కాగితం మీద పారిపోయినవాడిగానే మిగిలిపోతాడు, భార్యకు పెన్షన్ రావడం కష్టమవుతుంది. సైన్యానికీ ఇక్కడ గట్టి బాధ్యత ఉంది. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో కనిపించకుండా పోయిన ఒక సాపర్‌ను (ఇంజనీర్ల విభాగం జవానును) డెజర్టర్‌గా లెక్కకట్టారు. తీరా చూస్తే అతను పాకిస్తాన్‌లో బందీగా ఉన్నాడు. 2004లో తిరిగి వచ్చాడు. అన్నేళ్లూ ఆ ఇంటివాళ్లు ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరిగి ఉంటారు? లేనివాడి మీద ముద్ర వేసేముందు ఎక్కడున్నాడో వెతకడం యూనిట్ పని. ఆ పని చేయించడానికి మీ చేతిలో ఉన్న ఆయుధం ఎఫ్ఐఆర్ కాపీయే.

5. తిరిగి వెళ్లి హాజరు కావడం

సొంత యూనిట్‌కే వెళ్లడం అన్నిటికన్నా మంచిది. తెలిసిన సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్), తెలిసిన సుబేదార్ మేజర్ ఉంటారు. అతని పాత పని ఎలాంటిదో వాళ్లకు తెలుసు. యూనిట్ మరీ దూరమై, ప్రయాణం చేసే స్థితిలో లేకపోతే దగ్గర్లోని ఏదైనా ఆర్మీ యూనిట్‌లోనో, తన రెజిమెంటల్ సెంటర్‌లోనో హాజరు కావచ్చు. హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఏఓసీ, ఈఎంఈ సెంటర్లు ఉన్నాయి.

పగటిపూట, ఆఫీసు వేళల్లో, ఐడీ కార్డుతో, ఇంటివాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాలి. భయానికి మందు తాగి వెళ్లేవాళ్లున్నారు. అలా అసలు వెళ్లొద్దు, అది ఇంకో నేరం. “నా అంతట నేను హాజరవుతున్నాను” అని తేదీ, సమయంతో అర్జీ రాసి, కాపీ మీద అందినట్టు సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే అదే రోజు ఆ అర్జీని యూనిట్‌కు స్పీడ్ పోస్ట్ చేయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, రికార్డులో “సరెండర్” (తనే వచ్చాడు) అని ఉండటానికీ “అప్రెహెండెడ్” (పట్టుబడ్డాడు) అని ఉండటానికీ శిక్షలో చాలా తేడా వస్తుంది. సరెండర్ తిరిగి వచ్చే ఉద్దేశానికి సాక్ష్యం.

6. లోపల యూనిట్ చేయాల్సినవి

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. క్రమశిక్షణ లేకుండా సైన్యం నడవదు. నెలలు నెలలు రానివాడిని ఊరికే వదిలేస్తే, అతని వంతు గస్తీ కూడా తిరిగిన పక్క జవానుకు అన్యాయం జరిగినట్టే. అయినా శిక్ష వేసే ముందు అడగాల్సినవి అడగాలి. చట్టం కూడా అదే చెబుతోంది.

- కస్టడీలోకి తీసుకుంటే, మరీ వీలుకాని పరిస్థితి తప్ప, ఆరోపణను విచారించకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) జరగకుండా 8 రోజులు దాటితే ఆలస్యానికి కారణం పైకి రిపోర్టు చేయాలి.
- ఆర్మీ రూల్ 22 ప్రకారం ఆరోపణను సీఓ అతని ఎదుటే వినాలి. సాక్షులను అతను ప్రశ్నించవచ్చు, తన సాక్షులను పిలిపించుకోవచ్చు.
- సాక్ష్యాలను రాతలో పెట్టేటప్పుడు, దాన్నే సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అంటారు, స్టేట్‌మెంట్ ఇవ్వాలన్న బలవంతం లేదని ముందే అతనికి చెప్పాలి.
- కోర్టు మార్షల్ పెడితే సిద్ధం కావడానికి కనీసం 96 గంటలు ఇవ్వాలి. యాక్టివ్ సర్వీస్‌లో 24 గంటలు.

మనసు బాగోలేక ఇంట్లోనే ముడుచుకుపోయినవాళ్లు, అప్పుల వాళ్లకు భయపడి దాక్కున్నవాళ్లు, సీనియర్ వేధింపులు తట్టుకోలేక రానివాళ్లు, ఇలా కారణాలు చాలా ఉంటాయి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ తేదీలు, సామాను లెక్కలతో ముగించకుండా ఎందుకు రాలేదన్నదీ విచారించాలి. డిప్రెషన్, నిద్ర లేకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం లాంటివి ఇంట్లో గమనించి ఉంటే ఏ నెల నుంచి, ఎలా అన్నది రాసి, మానసిక వైద్యుడికి చూపించమని సీఓకు అర్జీ పెట్టండి. “పిచ్చి అని రాస్తే పెళ్లి కాదు” అని దాచిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. దాస్తే వైద్యం అందాల్సినవాడికి శిక్ష పడుతుంది.

7. చార్జిషీట్‌లో ముందు సెక్షన్ చూడండి

38 అని ఉందా, 39 అని ఉందా? 38 అయితే ఉద్దేశం మీదే వాదించాలి. తిరుగు టికెట్, బ్యారక్‌లో వదిలి వచ్చిన ట్రంకు, దగ్గరే ఉంచుకున్న ఐడీ కార్డు, మధ్యలో చేసిన ఫోన్లు, తనంతట తాను రావడం, ఇవన్నీ అతని వైపు. వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరడం, నంబరు మార్చేయడం, ఆయుధంతో వెళ్లిపోవడం అతనికి ఎదురు. ఆయుధం సంగతి ఉంటే ఈ వ్యాసంతో సరిపెట్టుకోకండి, ఆ రోజే సైనిక చట్టం తెలిసిన లాయర్‌ని కలవండి.

8. విచారణలో

చిన్న గైర్హాజరును సీఓ అక్కడికక్కడే తేల్చేయవచ్చు. అప్పుడు జైలు లేదా డిటెన్షన్ 28 రోజులకు మించదు. దాని పైది సమ్మరీ కోర్టు మార్షల్, అంటే సీఓ ఒక్కరే కోర్టుగా కూర్చుని జరిపే విచారణ. జేసీఓ కన్నా కింది ర్యాంకుల వాళ్లకే ఇది వర్తిస్తుంది. ఏడాది దాకా జైలు, డిస్మిసల్ కూడా వేయవచ్చు. ఇందులో లాయర్ నిలబడి వాదించడం ఉండదు, సలహా ఇవ్వడానికి ‘ఫ్రెండ్ ఆఫ్ ద అక్యూజ్డ్’ అని ఒకరిని ఇస్తారు. తనకు నమ్మకమైనవారిని ముందే పేరు పెట్టి అడగమనండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం “తప్పు ఒప్పేసుకో, వదిలేస్తారు” అన్న సలహా. ఒప్పుకుంటే ఏ సెక్షన్ కింద, ఏ శిక్ష దాకా పడవచ్చో అతనికి అర్థమయ్యేలా చెప్పి, చెప్పినట్టు రికార్డు చేయాలని రూల్ 115లో ఉంది. అతను సెలవు దాటినందుకు “అవును సాబ్, తప్పే” అంటాడు. కాగితం మీద అది డెజర్షన్ ఒప్పుకోలు అయిపోతుంది. ఇంటి నుంచి వెళ్లే ముందే ఈ మాట నేర్పి పంపండి: “లేటుగా వచ్చింది నిజం. పారిపోయే ఉద్దేశం లేదు.” ఏ భాషలో అడిగినా ఇదే చెప్పాలి.

9. శిక్ష పడ్డాక

ప్రొసీడింగ్స్ కాపీ అడిగే హక్కు రూల్ 147 ఇస్తుంది, ముందు అది తీసుకోండి. ఆర్మీ యాక్ట్ సెక్షన్ 164 కింద పై అధికారులకు పిటిషన్ పెట్టవచ్చు. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. సమ్మరీ కోర్టు మార్షల్ అయితే డిస్మిసల్ గానీ, 3 నెలలకు మించిన జైలు గానీ పడితేనే ట్రిబ్యునల్ తీసుకుంటుంది. మామూలుగా 6 నెలల గడువు ఉంటుంది కాబట్టి ఆర్డర్ చేతికి వచ్చిన తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

తరచూ జరిగే తప్పులు

“మూడేళ్లు దాక్కుంటే కేసు పోతుంది” అన్నది ఉత్త మాట. కోర్టు మార్షల్‌కు మామూలుగా ఉండే మూడేళ్ల గడువు డెజర్షన్‌కు లేదు. గైర్హాజరు కేసులో కూడా తప్పించుకుని తిరిగిన కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఏళ్ల తరబడి రాకపోతే విచారణ లేకుండానే సర్వీసు నుంచి తొలగించే అధికారమూ ఉంది. డిస్మిస్ అయితే పెన్షన్ ఆశ వదులుకోవాల్సి వస్తుంది.

“నాకు ఉద్యోగం వద్దు” అని వాట్సాప్‌లో రాజీనామా పంపడం ఇంకో తప్పు. అది రాజీనామా కాదు, తిరిగి వచ్చే ఉద్దేశం లేదని మీ వాడే రాసిచ్చిన సాక్ష్యం. నిజంగా చేయలేకపోతే ముందు వెళ్లి చేరి, సొంత అభ్యర్థన మీద డిశ్చార్జ్‌కు గానీ, ఇంటి పరిస్థితుల మీద పోస్టింగ్‌కు గానీ దరఖాస్తు చేసుకోవాలి.

యూనిట్ పేరు, అధికారుల పేర్లు చెబుతూ వీడియో పెట్టొద్దు. “లోపల మనవాళ్లున్నారు, రెండు లక్షలైతే సెటిల్ చేస్తా” అనే బ్రోకర్‌ని గుమ్మం దాటనివ్వొద్దు. మొదటి ఉత్తరంలో అమ్మకు జబ్బు, రెండో దాంట్లో తనకు జబ్బు అని కథ మార్చొద్దు. అన్ని కాగితాల్లో ఒకే మాట, అదీ నిజం, ఉండాలి.

పని జరిగిందో లేదో చూసుకోవడం

వెళ్లిన వారంలోపు అతనితో మాట్లాడి ఇవి కనుక్కోండి: హాజరైన తేదీ రికార్డులో సరిగ్గా ఎక్కిందా, “సరెండర్” అనే రాశారా, ఏ సెక్షన్ అంటున్నారు, వైద్య పరీక్ష జరిగిందా. మీ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, అతను హాజరైనట్టు యూనిట్ నుంచి కబురు వచ్చిందో లేదో అడగండి. రాకపోతే మళ్లీ సెలవు మీద వచ్చినప్పుడు పాత కాగితం పట్టుకుని ఇంటికి వస్తారు.

జీతం ఏ నెల నుంచి మొదలైందో బ్యాంకులో చూడండి. లేని రోజులకు జీతం రాదు, అది మామూలే. వచ్చాక కూడా రెండు మూడు నెలలు పడకపోతే రికార్డులో ఇంకా గైర్హాజరుగానే ఉన్నాడేమో అనుమానించి, అడ్జుటెంట్‌కు రాయమనండి. జవాబు రాకపోతే అతని పేరు మీదే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయవచ్చు. తండ్రి పేరు మీద వేస్తే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే అవకాశం ఉంది.

శిక్ష చిన్నదే అయినా రెడ్ ఇంక్ ఎంట్రీ (సర్వీసు రికార్డులో శిక్షను ఎర్ర సిరాతో రాయడం) పడిందేమో అడగండి. నాలుగు పడితే ఇంటికి పంపే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. లెక్క నాలుగైంది కదా అని యాంత్రికంగా పంపకూడదని, ముందు విచారణ జరపాలని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షోకాజ్ నోటీసు వస్తే జవాబులో సర్వీసు ఎన్నేళ్లు, ఎక్కడెక్కడ కష్టమైన పోస్టింగులు చేశాడు, ఒక్కో ఎంట్రీ ఎందుకు పడింది అన్నది వరసగా రాయాలి.

ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసేవాళ్లకు 1950 ఎయిర్ ఫోర్స్ యాక్ట్ వర్తిస్తుంది. అందులోనూ డెజర్షన్ సెక్షన్ 38, గైర్హాజరు సెక్షన్ 39. అగ్నివీర్లకు ఆర్మీ యాక్ట్ యథాతథంగా వర్తిస్తుంది. “నాలుగేళ్ల ఉద్యోగమే కదా, మధ్యలో వచ్చేస్తే ఏమవుతుంది” అనుకునే పిల్లలు ఉన్నారు. వాళ్ల మీదా ఇవే సెక్షన్లు, ఇదే అప్రెహెన్షన్ రోల్ వస్తాయి.